లైటక్క ముందు పన్ను

గురువారం పొద్దున పదకొండు గంటలకు లైటక్క ముందు పన్ను విరిగింది. విరగ్గొట్టిన మనిషి అప్పుడు ఫోన్లో మాట్లాడుతున్నాడు, విరిగాక కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. లైటక్కకి నొప్పి కంటే ముందు కోపం తెలిసింది. సోమవారం దాకా ఆ కోపం వీసమెత్తు తగ్గలేదు. ఎందుకు తగ్గాలో కూడా జరిగింది విన్నవాళ్ళెవరూ చెప్పలేరు.

లైటక్క ఇరవై ఆరేళ్ళుగా ఒకే పళ్ళ ఆసుపత్రిలో పనిచేస్తోంది. కళ్ళజోళ్ళ షాపు మీద మొదటి అంతస్తులో రెండు గదుల ఆసుపత్రి అది. మొదట్లో నేల తుడవడానికి చేరింది. చేరిన మూడో నెలలో ఒకరోజు అసిస్టెంటు రాలేదు. పెద్ద డాక్టరుగారు చుట్టూ చూసి, "చేతులు కడుక్కుని రా అమ్మా, ఈ గొట్టం పట్టుకో" అన్నారు. పేషెంటు నోట్లో ఊరే ఉమ్మిని లాగే గొట్టం అది. ఆ రోజు పట్టుకున్న గొట్టం మళ్ళీ వదల్లేదు. తర్వాత కొన్నాళ్ళకి నీలం లైటు వచ్చింది. పంటికి పెట్టిన తెల్ల ఫిల్లింగు మెత్తగా ఉంటుంది, నీలం లైటు ఇరవై సెకన్లు చూపిస్తే గట్టిపడుతుంది. ఆ లైటు పట్టుకోవడం, ఇరవై లెక్కపెట్టడం ఆవిడ పని. పిల్లలు లైటు ఆంటీ అన్నారు, పెద్దవాళ్ళు లైటక్క అన్నారు. అసలు పేరు హాజరు పుస్తకంలో మిగిలిపోయింది.

సర్టిఫికెట్ లేదు. కానీ ఏ పేషెంటు ఇంజెక్షన్ చూసి కుర్చీలోంచి లేచి పరిగెత్తబోతున్నాడో ఆవిడకి వాడి కాలి వేళ్ళు చూస్తే తెలిసిపోతుంది. పంటికి రంగు కలపడంలో అయితే పెద్ద డాక్టరుగారే ఆవిడని పిలిచి అడిగేవారు. పళ్ళ రంగులన్నీ వరసగా గుచ్చిన పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని పంటి పక్కన పెట్టి ఏ రంగు కలుస్తుందో చూడాలి. పని మొదలుపెట్టక ముందే, పన్ను తడిగా ఉండగానే, కిటికీ దగ్గర చూడాలి. "తడి ఆరితే పన్ను తెల్లబడుతుందమ్మా. అప్పుడు రంగు చూస్తే పన్ను మనకి అబద్ధం చెబుతుంది" అనేవారాయన. ఒక పోస్ట్‌మాన్ ముందు పన్ను మూల విరిగితే రెండు గంటలు కూర్చుని పొర మీద పొర పెట్టి కట్టారు. ఆవగింజంత కూడా అరగదీయలేదు. "వాళ్ళ పన్ను వాళ్ళకి ఉండనిద్దాం. మనం లేనిది మాత్రం పెడదాం" అనేవారు. ఆయన పోయి మూడేళ్ళయింది.

ఇప్పుడు కుర్చీ ఆయన కొడుకుది. చిన్న డాక్టరు. రాగానే బోర్డు మార్చాడు, గోడకి టీవీ పెట్టించాడు, కాఫీ మెషీన్ పెట్టించాడు, కిటికీకి నల్ల స్టిక్కరు అంటించాడు. తర్వాత చిరునవ్వు ప్యాకేజీ అని ఒకటి మొదలుపెట్టాడు. పై వరసలో ముందు ఎనిమిది పళ్ళని అరగదీసి, వాటి మీద పింగాణీ రేకులు అతికించి, గోడకి సున్నం కొట్టినట్టు తెల్లగా చేయడం. పళ్ళు పాడైపోయిన వాళ్ళకి అది అవసరమే, లైటక్క కాదనదు. చిన్న డాక్టరు మాత్రం రాయిలాంటి పళ్ళున్న వాళ్ళకి కూడా అదే చెబుతాడు. పంటి మూల కాస్త విరిగిందని వచ్చినవాళ్ళకి ఎనిమిది. రెండు పళ్ళ మధ్య సందుందని వచ్చినవాళ్ళకీ ఎనిమిదే.

క్రితం ఏడాది ఒకమ్మాయి వచ్చింది. బ్యాంకులో పని, ముందు పళ్ళ మధ్య గోరు పట్టేంత సందు. పావుగంటలో తెల్ల ఫిల్లింగుతో పూడ్చి పంపేయొచ్చు. చిన్న డాక్టరు ఎనిమిది పళ్ళూ అరగదీశాడు. గొట్టం పట్టుకున్నది లైటక్కే. ఆ పళ్ళ పొడి ఎగిరి ఆవిడ కళ్ళద్దాల మీద పడింది. ఆరునెలలు తిరక్కుండా ఆ అమ్మాయి ఫోన్ చేసింది, చల్లటి నీళ్ళు తాగితే నడినెత్తి దాకా జివ్వుమంటోందని. రెండు పళ్ళకి నరం తీయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా "డాక్టరుగారు బిజీగా ఉన్నారమ్మా" అని చెప్పింది కూడా లైటక్కే. డాక్టరుగారు పక్కనే కాఫీ తాగుతూ ఉండేవాడు. ఆ అబద్ధం చెప్పినందుకు ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసేది.

సరే, గురువారం సంగతి. కుర్చీ పైన ఒక పెద్ద దీపం ఉంటుంది, ఇనప చెయ్యికి వేలాడుతూ. దాని కీలు వదులైందని, ఎప్పుడో ఎవరి నెత్తినో పడుతుందని లైటక్క ఆరునెలలుగా మొత్తుకుంటోంది. చిన్న డాక్టరు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు. ఆ పొద్దున పేషెంటు ఇంకా రాలేదు. లైటక్క వంగి ట్రేలో సామాను సర్దుతోంది. చిన్న డాక్టరు ఎవరితోనో ఫోన్లో నవ్వుతూ, చూడకుండా దీపాన్ని తన వైపు విసురుగా లాగాడు. కీలు గిర్రున తిరిగింది. ఇనప చెయ్యి వచ్చి ఆవిడ మూతి మీద తగిలింది.

టక్కుమని శబ్దం. ఆ శబ్దం ఎవరికి తెలియకపోయినా ఆవిడకి తెలుసు. నోట్లో రక్తం, నాలిక కింద పదునైన అంచు. పై వరస ముందు పన్ను, కుడివైపుది, మూల మూడోవంతు పోయింది.

చిన్న డాక్టరు ఫోన్లో "ఒక్క నిమిషం" అన్నాడు. ఇటు తిరిగి, "చూసుకోవాలి కదా అక్కా" అన్నాడు.

చూసుకోవాలట. ఎవరు చూసుకోవాలి? లైటక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ నోరు తెరిస్తే రక్తం కారుతోంది. ఆవిడ దూది కొరుక్కుని నేల మీద కూర్చుని, నీలం లైటు వేసి కుర్చీ కింద వెతకడం మొదలుపెట్టింది. ఫోన్ పెట్టేసి చిన్న డాక్టరు అడిగాడు, ఏం వెతుకుతున్నావని. ముక్క, అని సైగ చేసింది. ఉమ్మే తొట్టి కాలి దగ్గర దొరికింది, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. కడిగి, చిన్న డబ్బాలో సెలైన్ పోసి అందులో వేసింది. విరిగిన ముక్కని ఆరనివ్వకూడదు. తడిగా ఉంటేనే అతికించినప్పుడు రంగు కలుస్తుంది.

లేచి తిరిగేసరికి చిన్న డాక్టరు ఫోన్ ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"ఒక్కసారి పెదవి పైకెత్తక్కా. ఫొటో."

అలవాటుకొద్దీ ఎత్తింది. ఇరవై ఆరేళ్ళుగా ఈ గదిలో ఏది చెబితే అది చేసిన చెయ్యి కదా. ఫొటో తీశాక గానీ అర్థం కాలేదు ఎందుకో.

"ఇదీ ఒకందుకు మంచిదే. సోమవారం ఎనిమిదీ చేసేద్దాం. నీకు ఫ్రీ. ఫొటో తీసేవాణ్ణి కూడా రమ్మంటాను. ముందూ తర్వాతా రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి రిసెప్షన్లో పెద్ద బోర్డు పెడదాం. మన ఆసుపత్రి మనిషివే కాబట్టి జనం నమ్ముతారు" అన్నాడు.

లైటక్క దూది తీసి, "ముక్క దొరికింది కదా డాక్టరుగారూ. అతికిస్తే సరిపోతుంది" అంది.

"పారేయక్కా దాన్ని. రెండు నెలలు కూడా ఆగదు. నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి, నీ పళ్ళు పసుపెక్కాయి కూడా. ఎవరైనా ఊరికే చేస్తామంటే ఎగిరి గంతేస్తారు. ముందు పన్ను విరిగిన మనిషిని పేషెంట్ల ముందు నిలబెట్టి పళ్ళ ఆసుపత్రి నడపమంటావా? సోమవారం చేయించుకో, లేదంటే పనికి రాకు" అని మళ్ళీ ఫోన్ తీశాడు.

ఇంటికెళ్ళేసరికి పెదవి వాచిపోయింది. మొగుడు స్కూలు వ్యాను నడుపుతాడు. వంటగదిలో నీళ్ళకోసం ఫ్రిజ్ తెరిచి డబ్బా చూశాడు.

"ఏమే, ఇదేంటి?"

"నా పన్ను."

ఆయన డబ్బాని రెండు చేతులతో పట్టుకుని జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టాడు. విషయం అంతా విన్నాడు. "మరి వాణ్ణి ఏమన్నావు?" అని అడిగాడు.

"ఏమంటాను. నోట్లో దూది ఉంది."

"ఇంట్లో నన్ను నిలబెట్టి కడిగేస్తావు. అక్కడికెళ్ళేసరికి నంగి నంగిగా మాట్లాడతావు. ఊరికే చేస్తానంటున్నాడు కదా, చేయించుకుంటే పోయేదేముంది?"

"పోయేవి పళ్ళేనండీ. ఏడు మంచి పళ్ళు. ఒకసారి గీకితే మళ్ళీ రావు. ఆ రేకులు పదిహేనేళ్ళకో ఎప్పుడో ఊడతాయి, మళ్ళీ గీకుతారు, మళ్ళీ పెడతారు. చచ్చేదాకా వాడి కుర్చీలో పడుకోవాలి. నా పన్ను విరగ్గొట్టింది వాడు. దానికి శిక్ష నా మిగతా పళ్ళకా?" అని అడిగింది.

అద్దంలో చూసుకుంది. పసుపెక్కాయన్న మాట నిజమే. వాటితోనే ఇద్దరు పిల్లల పురిటి నొప్పులు ఓర్చుకుంది, వాటితోనే పెద్ద డాక్టరుగారు పోయిన రోజు చీర కొంగు కొరుక్కుని ఏడ్చింది. అవి ఆవిడవి. టార్చి వేసి విరిగిన చోట చూసుకుంది. లోపలి నరం బయటపడలేదు, గులాబీ చుక్క కనిపించలేదు. అంటే అతికించొచ్చు. పొద్దునా సాయంత్రం డబ్బాలో సెలైన్ మార్చింది.

శనివారం చిన్న డాక్టరు ఇంకో ఆసుపత్రికి వెళతాడు. ఆ రోజు ఒక చిన్న పిల్లలాంటి డాక్టరు వస్తుంది, కాలేజీ నుంచి బయటికొచ్చి రెండేళ్ళు కాలేదు. లైటక్క ఆమెని శనివారం డాక్టరమ్మ అంటుంది. మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళ చూసి, లైటక్క డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"నావల్ల కాదక్కా. ఇది పుస్తకంలో చదివానంతే, ఎప్పుడూ చేయలేదు" అంది ఆ పిల్ల.

"పెద్దాయన ఆరు చేశారు. ఆరింటికీ లైటు నేనే పట్టుకున్నాను. చెయ్యి మీది, కళ్ళు నావి. కూర్చోండి."

"సార్‌కి తెలిస్తే?"

"నోరు నాది కదా డాక్టరమ్మా. ఆయనదేం కాదు కదా."

లైటక్క గోటితో కిటికీ మీది నల్ల స్టిక్కరు ఒక మూల చీల్చి లాగేసింది. ఆ వెలుగులో చిన్న అద్దం పట్టుకుని, పళ్ళని నాలికతో తడుపుకుని, రంగుల పట్టీ పక్కన పెట్టి చూసుకుంది. ఏ-త్రీ, కాస్త పసుపు కలిసిన రంగు. ముక్క అతికించాక మధ్యలో సన్నటి గీత మిగులుతుంది, దాన్ని ఆ రంగు ఫిల్లింగుతో పూడ్చాలి. ఒక కాగితం మీద ఏ-త్రీ అని పెద్దగా రాసి ట్రేలో పెట్టింది. అప్పుడు వెళ్ళి కుర్చీలో పడుకుంది. ఇన్నేళ్ళలో ఆ కుర్చీలో పడుకోవడం అదే మొదటిసారి. పైకప్పు మీద నీటి మరక ఉందని ఆవిడకి ఆ రోజే తెలిసింది.

ఉమ్మి తగలకుండా పళ్ళ చుట్టూ రబ్బరు గుడ్డ బిగిస్తే ఇక మాట్లాడడానికి ఉండదు. అందుకని ముందే ఒప్పందం చేసుకున్నారు. ఎడమచెయ్యి ఎత్తితే ఆగాలి, వేలు తిప్పితే కానివ్వాలి, అరచెయ్యి చూపిస్తే నెమ్మదిగా చేయాలి. గొట్టం తనే పెదవి మూలకి తగిలించుకుంది.

డాక్టరమ్మ విరిగిన అంచుకీ ముక్కకీ జెల్లు రాసింది. పంటి పైపొర గరుకై జిగురు పట్టుకోవడానికి ఆ జెల్లు. లైటక్క వేళ్ళు మడుస్తూ సెకన్లు లెక్కపెట్టి కడగమంది. కడిగి గాలి కొట్టాక పన్ను సుద్దలాగా తెల్లబడింది. అప్పుడు ఆ పిల్ల అలవాటు కొద్దీ రంగుల పట్టీ తీసి పంటి పక్కన పెట్టి, "ఏ-వన్ లాగా ఉందక్కా" అంది.

లైటక్క ఆ పిల్ల మణికట్టు పట్టేసుకుంది. ట్రేలో కాగితం మీద వేలితో రెండుసార్లు గట్టిగా కొట్టింది. అంతకంటే గట్టిగా చిన్న డాక్టరు నెత్తిన కొట్టాలనిపించింది, వీళ్ళకి ఇది కూడా నేర్పకుండా కాఫీ మెషీన్ దగ్గర కబుర్లు చెప్పుకుంటున్నందుకు. ఆరిన పంటి రంగు నమ్మి ఏ-వన్ పెడితే, సాయంత్రానికి తడి పట్టాక పన్ను పాతరంగుకి వచ్చేస్తుంది, మధ్యలో తెల్ల గీత ఒక్కటీ మిగిలిపోతుంది. నోరు తెరిచినప్పుడల్లా అదే కనబడుతుంది. డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. పట్టీ పక్కన పెట్టేసింది.

జిగురు రాసి, ముక్కని పట్టుకారుతో తెచ్చి పెట్టింది. మొదటిసారి పక్కకి ఒరిగింది. లైటక్క చేతి అద్దంలో చూసి అరచెయ్యి చూపించింది. రెండోసారి అంచు అంచుకి కూర్చుంది, తను విరిగిన చోటు తనకి తెలిసినట్టు.

"అలాగే పట్టుకోవాలి. నా చెయ్యి వదిలితే కదులుతుంది. మరి లైటు ఎవరు పట్టుకుంటారక్కా?" అంది డాక్టరమ్మ. ఒక చెయ్యి ముక్క మీద ఉంది, రెండో చేత్తో పెదవి ఎత్తి పట్టుకుంది.

లైటక్క చెయ్యి చాచి నీలం లైటు తీసుకుంది. కళ్ళు మూసుకుంది. చూడాల్సిన అవసరం లేదు, పంటికీ లైటుకీ మధ్య ఎంత దూరం ఉండాలో చేతికి తెలుసు. తన పంటి మీద తనే లైటు వేసుకుని ఇరవై లెక్కపెట్టుకుంది. వెనకవైపు నుంచి ఇంకో ఇరవై. కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి దిగాయి. నొప్పేం లేదు. ఇంత చిన్న పనికి, ఒక్క గంట పనికి, తనని భిక్షగత్తెలాగా దొంగచాటున కుర్చీ ఎక్కేలా చేశాడే అన్న ఉక్రోషం అది.

గీతని ఏ-త్రీతో పూడ్చి, దానికీ లైటు చూపించి రబ్బరు తీశాక పన్ను ఇంకా తెల్లగానే ఉంది, గీత ముదురుగా కనిపిస్తోంది. డాక్టరమ్మ బిక్కమొహం వేసింది. "ఆగండి, రేపటికి చూడండి" అంది లైటక్క. ఆదివారం పొద్దున మొగుడు కళ్ళజోడు పెట్టుకుని దగ్గరకొచ్చి చూసి, విరిగింది ఏ పన్నే అని అడిగాడు.

సోమవారం చిన్న డాక్టరు, కెమెరా భుజాన వేసుకున్న ఒక మనిషీ ఇద్దరూ తొమ్మిదింటికే వచ్చారు. అరగదీసే సూదులన్నీ ట్రేలో సిద్ధంగా ఉన్నాయి. అవి సర్దింది కూడా లైటక్కే, పని పనే కదా.

"ఏదీ, నోరు తెరువు" అన్నాడు. తెరిచింది. అద్దం పెట్టి చూశాడు, గాలి కొట్టి చూశాడు, గోటితో గీకి చూశాడు.

"ఎవరు చేశారు?"

"నేనే చేసుకున్నాను."

"నువ్వెలా చేసుకుంటావు?"

"ఇరవై ఆరేళ్ళు చూశాను కదా."

శనివారం డాక్టరమ్మ పేరు ఎత్తలేదు. ఆ పిల్ల పొట్ట కొట్టడం ఆవిడకి ఇష్టం లేదు. తిడతాడు, పొమ్మంటాడు అనుకుని సిద్ధపడి నిలబడింది. చిన్న డాక్టరు తిట్టలేదు. కాసేపు అద్దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఆలోచించాడు. తర్వాత కెమెరా మనిషితో, "తీసేయండి. ఇదే తర్వాత ఫొటో" అన్నాడు.

లైటక్కకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యేలోపు ఫ్లాష్ వెలిగింది. గురువారం రక్తం కారుతున్న నోరు ఒకపక్క, ఇవాళ్టి నోరు ఇంకోపక్క, కింద చిరునవ్వు ప్యాకేజీ. అదీ ఆయన లెక్క. వద్దన్న పనికి తన ముఖమే సాక్ష్యం చెప్పబోతోంది.

అప్పుడే మొదటి పేషెంటు వచ్చింది. పాతికేళ్ళుంటాయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది. స్కూల్లో పాఠాలు చెబుతుందట. పిల్లల ఆటలో బంతి తగిలి ముందు పన్ను మూల విరిగిందట. చిన్న డాక్టరు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, పూర్తిగా చూడకుండానే మొదలుపెట్టాడు.

"ఒకటే చేస్తే రంగు కలవదండీ. ఎనిమిదీ చేస్తే ఒకేలా ఉంటాయి. భయపడకండి. ఇదిగో, మా అక్కకి మేమే చేశాం. చూస్తే ఎవరైనా పెట్టుడు అనుకుంటారా? ఏదీ అక్కా, నవ్వు."

ఆ అమ్మాయి ఆశగా తలెత్తి చూసింది. బ్యాంకు అమ్మాయి కూడా సరిగ్గా ఇలాగే చూసింది. ఆ రోజు లైటక్క గొట్టం పట్టుకుని నిలబడింది.

గొట్టం తీసి కొక్కేనికి తగిలించింది.

"ఇవి పెట్టుడు కావమ్మా, నా పళ్ళే. ఒక్కటి విరిగింది. ఈయన చూడకుండా లాగిన దీపం తగిలే విరిగింది. ఆ ముక్కే తెచ్చి అతికించాం. మిగతా ఏడూ ముట్టుకోలేదు. గంట పట్టింది" అంది. గొంతు పెద్దది చేయలేదు గానీ పక్క గది దాకా వినిపించింది.

"అక్కా, నువ్వు బయటికి వెళ్ళు" అన్నాడు చిన్న డాక్టరు.

"వెళతాను. మీ నాన్నగారి కుర్చీలో కూర్చుని నా నోటితో అబద్ధం చెప్పిస్తారా? చెప్పినంత కాలం చెప్పాను. ఇక చెప్పను" అని కుర్చీలో అమ్మాయి వైపు తిరిగింది. " నీకు పోయింది మూల ఒక్కటేనమ్మా. దానికోసం మంచి పళ్ళు గీకించుకోకు. ఇక్కడే కాదు, ఎక్కడికెళ్ళినా సరే, ముందు తక్కువ గీకే దారి ఏదో అడుగు."

"అక్కా, ఇప్పుడే వెళ్ళు. రేపటినుంచి రాకు."

కెమెరా మనిషి గోడ వైపు చూస్తున్నాడు. లైటక్క గ్లవ్స్ తీసి చెత్తబుట్టలో వేసింది. ఆవిడ తలుపు దాకా వెళ్ళింది.

"ఒక్క నిమిషం ఆగండి" అంది కుర్చీలో అమ్మాయి.

డాక్టరు ఏదో చెప్పబోయాడు. ఆ అమ్మాయి ఆయన వైపు చూడలేదు. అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసేసి, తలుపు దగ్గర నిలబడ్డ లైటక్క వైపు తిరిగి నోరు తెరిచింది.